పాత ఫ్యాక్టరీ స్థలంలో సాయిల్ గ్యాస్ లెక్కలు: ల్యాబ్ రిపోర్టు నుంచి నిర్ణయం దాకా

ఫ్యాక్టరీ మూతపడి పాతికేళ్లు దాటినా అక్కడ ఒలికిన సాల్వెంటు నేలను వదిలి అంత తేలిగ్గా పోదు. కొంత మట్టికి అంటుకుని ఉంటుంది. కొంత భూగర్భజలంలో కరుగుతుంది. మిగతాది ఆవిరై మట్టి రేణువుల మధ్య ఖాళీల్లో నిలిచిపోతుంది. ఆ ఖాళీల్లో ఉండే గాలినే సాయిల్ గ్యాస్ అంటాం. పైన భవనం లేస్తే ఫ్లోరింగ్ పగుళ్లలోంచి, పైపులు దిగిన కంతల్లోంచి ఆ ఆవిరి గదుల్లోకి వస్తుంది. వాసన తెలియనంత తక్కువ మోతాదులోనూ హాని చేసే రసాయనాలు ఇందులో ఉంటాయి కాబట్టి ముక్కుని నమ్ముకుంటే కుదరదు, అంకెల్నే నమ్ముకోవాలి. ల్యాబ్ పంపిన ఆ అంకెల్ని ఎలా చదవాలి, ఎలా లెక్కగట్టాలి అన్నదే ఈ వ్యాసం. కన్సల్టెన్సీలో కొత్తగా చేరినవాళ్లనీ, ఎన్విరాన్‌మెంటల్ ఇంజినీరింగ్ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థుల్నీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. సగటు, మధ్యగతం, ప్రామాణిక విచలనం తెలిస్తే చాలు.

ఈ సమస్య ఎంత నిజమో తెలియాలంటే కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూ చూడండి. అక్కడ మిడిల్‌ఫీల్డ్, ఎల్లిస్, విస్మన్ రోడ్ల దగ్గర 1960, 70 దశకాల్లో సెమీకండక్టర్ కంపెనీలు ఉండేవి. వాళ్లు వాడిన ట్రైక్లోరోఇథిలీన్, అంటే టీసీఈ, ట్యాంకుల నుంచీ పైపుల నుంచీ కారి భూగర్భజలంలో చేరింది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1989లో శుద్ధి ప్రణాళిక ఖరారు చేసింది. భవనాల్లోకి వచ్చే ఆవిరి కోసం 2010లో ఆ ప్రణాళికను మళ్లీ సవరించాల్సి వచ్చింది. ఇప్పుడు అదే నేల మీద ఆఫీసులూ ఇళ్లూ ఉన్నాయి, మన తెలుగువాళ్లు ఎంతోమంది పనిచేసే ఊరది. ఇక్కడ హైదరాబాద్‌లోనూ బాలానగర్, సనత్‌నగర్ చుట్టుపక్కల పాత షెడ్లు పోయి అపార్ట్‌మెంట్లు వస్తున్నాయి. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రం 2025 జులైలో ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. ఈ లెక్కలు చేయాల్సినవాళ్లు మన దగ్గర ఇకమీద ఎక్కువే అవుతారు.

1. ముందు ప్రశ్న రాసుకోండి

డేటా రాకముందే ఒక కాగితం మీద మీ ప్రశ్న రాయండి. "ఈ స్థలం కలుషితమైందా?" అన్నది పనికొచ్చే ప్రశ్న కాదు. "ఈ షెడ్డు స్థానంలో ఆఫీసు కడితే, కింద 1.5 మీటర్ల లోతులోని టీసీఈ సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాముల లోపే ఉందని 95 శాతం నమ్మకంతో చెప్పగలమా?" అన్నది ప్రశ్న. ఇందులో రసాయనం ఉంది, లోతు ఉంది, హద్దు ఉంది, ఎంత నమ్మకం కావాలో ఉంది. ఇవి ముందే తేల్చుకోకపోతే అంకెలు వచ్చాక అనుకూలమైన హద్దు వెతుక్కోవాలనిపిస్తుంది. పక్కన బిల్డరు కూర్చుని ఉంటే ఆ టెన్షన్ ఇంకా ఎక్కువ.

ఆ 100 ఎక్కడిదో చెప్తాను. ఆఫీసుల్లాంటి చోట్ల గది గాలిలో టీసీఈకి ఈపీఏ వాడే దీర్ఘకాలపు స్క్రీనింగ్ విలువ (దాటితే ఇంకా లోతుగా చూడాల్సిన అంకె) 3 మైక్రోగ్రాములు. సాయిల్ గ్యాస్‌లో ఉన్నదాంట్లో గదిలోకి చేరేది గరిష్ఠంగా 0.03 వంతు అని 2015 నాటి ఈపీఏ మార్గదర్శకం తీసుకుంటుంది. 3ని 0.03తో భాగిస్తే 100. ఇళ్లకైతే గది గాలి విలువ 0.48, భాగిస్తే 16. ఒకే నేల ఆఫీసుకి సరే, ఇంటికి కాదు అనే పరిస్థితి ఇక్కడే వస్తుంది. ఆ 0.03 కూడా గాలిలోంచి పుట్టింది కాదు. చాలా ఇళ్లలో కొలిచిన నిష్పత్తుల్లో 95వ పర్సంటైల్ చుట్టూ ఎంచుకున్న సంఖ్య అది. అంటే ఎక్కువ ఇళ్లలో అంతకంటే తక్కువే వస్తుంది.

ఏ మూలం నుంచి హద్దు తీసుకున్నారో తప్పనిసరిగా రాయండి. బెంజీన్‌నే తీసుకోండి. మన దేశపు 2009 గాలి ప్రమాణాల్లో దాని ఏడాది సగటు 5 మైక్రోగ్రాములు. ఈపీఏ ఇళ్లకు వాడే స్క్రీనింగ్ విలువ 0.36. మొదటిది బయటి గాలికి పెట్టిన నియంత్రణ ప్రమాణం, రెండోది జీవితకాలపు క్యాన్సర్ ముప్పు లెక్క. 0.03తో భాగిస్తే ఒకటి 167 దగ్గర తేలుతుంది, ఇంకొకటి 12 దగ్గర. హద్దు పేరు చెప్పకుండా "పరిమితి లోపే ఉంది" అని రాసిన రిపోర్టుకి విలువ లేదు.

2. ఎన్ని పాయింట్లు, ఎక్కడెక్కడ

గణాంకాల పని శాంపిల్ తీయకముందే సగం అయిపోతుంది. స్థలంలో పదో వంతు మేర కలుషితమై ఉందనుకుందాం. యాదృచ్ఛికంగా 10 చోట్ల బోరు వేస్తే, అన్నీ ఆ మచ్చని తప్పిపోయే అవకాశం 0.9ని పదిసార్లు గుణించినంత, అంటే 35 శాతం. మూడోవంతుకు పైగా! ఆ అవకాశం 5 శాతం లోపుకి రావాలంటే 29 పాయింట్లు కావాలి.

గ్రిడ్ వేస్తే కొంత నయం. 20 మీటర్లకొక పాయింటు చొప్పున చదరపు గ్రిడ్ వేస్తే, 10 మీటర్ల వ్యాసార్థం ఉన్న గుండ్రటి మచ్చ దొరికే అవకాశం సుమారు 79 శాతం. కానీ కారిన డ్రమ్ము ఒక్కటి చేసే మచ్చ అంత పెద్దదిగా ఉండదు. వ్యాసార్థం 5 మీటర్లయితే అదే గ్రిడ్‌లో దొరికే అవకాశం 20 శాతమే. కాబట్టి గుడ్డిగా గ్రిడ్‌ని నమ్మకండి. ఫ్యాక్టరీ పాత లేఅవుట్ సంపాదించండి. పార్టులు సాల్వెంటుతో కడిగిన చోటు, డ్రమ్ములు పెట్టిన షెడ్డు, భూగర్భ ట్యాంకు, వ్యర్థజలం పోయిన డ్రెయిన్, లోడింగ్ చేసిన గేటు, ఇవన్నీ గుర్తుపెట్టి అక్కడ విడిగా పాయింట్లు వేయండి. అక్కడ పనిచేసి రిటైరైన ఫిట్టరు ఒక్కడు దొరికితే చాలు, గంటలో చెప్పేస్తాడు. మర్యాదగా కూర్చోబెట్టి అడగండి.

ఒక్క జాగ్రత్త. అనుమానం ఉన్నచోట కావాలని వేసిన పాయింట్లనూ గ్రిడ్ పాయింట్లనూ ఒకే సగటులో కలపకూడదు. మొదటివి మచ్చని వెతకడానికి, రెండోవి స్థలం మొత్తాన్ని అంచనా వేయడానికి. ఎక్సెల్‌లో వాటికి వేరే కాలమ్ పెట్టి మొదటి రోజునుంచే విడదీయండి.

3. అంకెను నమ్మొచ్చా?

సాయిల్ గ్యాస్ శాంపిల్‌ని చాలావరకు వ్యాక్యూమ్ చేసిన స్టీలు కానిస్టర్‌లోకి నిదానంగా పీలుస్తారు. నిమిషానికి 200 మిల్లీలీటర్లు దాటనివ్వరు. మీ చేతికొచ్చే ఫీల్డ్ షీటులో గేజ్ రీడింగులు ఉంటాయి. మొదలుపెట్టినప్పుడు సుమారు 30 అంగుళాల పాదరసం వ్యాక్యూమ్, ఆపినప్పుడు సుమారు 5. ఆ చివరి 5 మిగల్చడం ఊరికే కాదు. ల్యాబ్‌కి చేరాక వాళ్లు మళ్లీ గేజ్ చూసి రాస్తారు. అక్కడా 5 దగ్గరే ఉంటే దారిలో కానిస్టర్ కారలేదని అర్థం. సున్నా అని ఉంటే బయటి గాలి లోపలికి దూరి ఉండొచ్చు, ఆ శాంపిల్‌లో వచ్చిన తక్కువ అంకెని చూసి సంతోషించకండి.

తర్వాత హీలియం పరీక్ష. నేలలోంచి గాలి తీసే గొట్టాన్ని ప్రోబ్ అంటారు. దాని చుట్టూ చిన్న గూడులాంటి కవర్ పెట్టి హీలియం నింపుతారు. శాంపిల్‌లో హీలియం కనిపిస్తే పైగాలి లోపలికి లీకవుతున్నట్టు. కవర్‌లో 20 శాతం హీలియం ఉండి శాంపిల్‌లో 1.4 శాతం వచ్చిందంటే 7 శాతం లీకు. కొన్ని మార్గదర్శకాలు 5 శాతం దాటితే శాంపిల్ పారేయమంటాయి, కొన్ని 10 దాకా ఒప్పుకుంటాయి. మీరు పాటించేదేదో ముందే రాసిపెట్టుకోండి.

ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ కూడా కొలిపించండి. ఖర్చు కొద్దిగా, లాభం చాలా. మీటరున్నర లోతులో తీసిన గాలిలో ఆక్సిజన్ అచ్చం బయటిలా 20.9 శాతం, కార్బన్ డయాక్సైడ్ 0.04 శాతం ఉంటే మీరు కొలిచింది నేల గాలో, బయటి గాలో అనుమానించాల్సిందే. డీజిలు, పెట్రోలు కారినచోట ఆక్సిజన్ బాగా పడిపోయి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, సూక్ష్మజీవులు వాటిని తింటున్నట్టు లెక్క.

ఇక డూప్లికేట్లు. ఒకే ప్రోబ్ నుంచి వెంటవెంటనే తీసిన రెండు శాంపిళ్లలో 80, 120 వచ్చాయంటే, తేడా 40ని సగటు 100తో భాగించి 40 శాతం అంటాం. మీ కొలతలో ఎంత ఊగిసలాట ఉందో చెప్పే అంకె అది. 95ని, 105ని రెండు వేరు అంకెలుగా చూడకూడదని అది నేర్పుతుంది. లెక్కలోకి మాత్రం డూప్లికేట్ల సగటు ఒక్కటే వెళ్లాలి. రెండూ వేరువేరు పాయింట్లుగా చేర్చితే శాంపిళ్లు ఎక్కువున్నట్టు దొంగ ధైర్యం వస్తుంది.

4. యూనిట్లు సరిచూడండి

ఒక ల్యాబ్ పీపీబీలో (వంద కోట్ల భాగాల్లో ఎన్ని భాగాలో) ఇస్తుంది, ఇంకొకటి మైక్రోగ్రాముల్లో. మార్చే పద్ధతి: పీపీబీని అణుభారంతో గుణించి 24.45తో భాగించాలి. ఇది 25 డిగ్రీల దగ్గర. టీసీఈకి 1 పీపీబీ అంటే 5.37 మైక్రోగ్రాములు, బెంజీన్‌కి 3.19. పీపీబీ అంకెను మైక్రోగ్రాముల హద్దుతో పోలిస్తే టీసీఈని అయిదు రెట్లు తక్కువ చూపించినట్టే. ప్రతి కాలమ్ పైన యూనిట్ రాయండి.

5. "లేదు" అని వచ్చినవాటిని ఏం చేయాలి

రిపోర్టులో కొన్నిచోట్ల "5 కంటే తక్కువ" అని ఉంటుంది. అంటే సున్నా అని కాదు, ఆ ల్యాబ్ యంత్రం 5 కిందకి నమ్మకంగా చూడలేదని. వీటిని నాన్-డిటెక్ట్‌లు అంటారు. చాలామంది అలవాటుగా సున్నానో, 5లో సగం 2.5నో పెట్టేస్తారు. దాని ప్రభావం ఒక ఉదాహరణలో చూద్దాం. ఇవి నేర్చుకోవడానికి నేను కల్పించిన అంకెలు. ఒక జోన్‌లో 12 గ్రిడ్ పాయింట్లు, 1.5 మీటర్ల లోతు, టీసీఈ మైక్రోగ్రాముల్లో:

5 కంటే తక్కువ, 5 కంటే తక్కువ, 7, 9, 12, 18, 26, 40, 65, 110, 380, 2400.

నాన్-డిటెక్ట్‌లకి 0 పెట్టినా 5 పెట్టినా మామూలు సగటు 256 దగ్గరే ఉంటుంది. పెద్ద అంకెలు ముంచేస్తాయి కాబట్టి తేడా కనపడదు. కానీ లాగ్ తీసుకుని గుణమధ్యమం (లాగ్‌ల సగటుని మళ్లీ మామూలు అంకెగా మార్చినది) కడితే కథ వేరు. రెండిటికీ 5 పెడితే 34, 0.1 పెడితే 18. సున్నా పెడితే లాగ్ అసలు రాదు. మన ఇష్టం వచ్చిన అంకె పెట్టి జవాబుని సగం చేయొచ్చన్నమాట.

అందుకని ఏ అంకె కల్పించకుండా "5 కంటే తక్కువ" అన్న సమాచారాన్ని ఉన్నదున్నట్టు వాడుకునే పద్ధతి కావాలి. కప్లన్-మయర్ పద్ధతి అదే చేస్తుంది. 1958లో దాన్ని ప్రతిపాదించారు. ఎంతకాలం బతికారన్న వైద్య లెక్కల్లో పేరుపొందిన పద్ధతి, ఇక్కడ తిరగేసి వాడతాం. చేత్తో కట్టక్కర్లేదు. ఈపీఏ ఉచితంగా ఇచ్చే ప్రోయూసీఎల్ సాఫ్ట్‌వేర్‌లో ఉంది, గణాంకాల ప్రోగ్రామింగ్ భాష ఆర్ (R) వాడేవాళ్లకి నాడా ప్యాకేజీ ఉంది. మీరు చేయాల్సిందల్లా ఎక్సెల్‌లో రెండు కాలమ్‌లు పెట్టడం. ఒకదాంట్లో అంకె, రెండోదాంట్లో అది కనిపించిందా (1), లేదా (0). "<5" అని ఒకే గడిలో టైపు చేస్తే సాఫ్ట్‌వేర్ దాన్ని అక్షరాలుగా చదువుతుంది.

ఇంకో ఉచ్చు ఉంది. శాంపిల్‌లో టోలుయీన్ అనే ఇంకో సాల్వెంటు చాలా ఎక్కువుంటే ల్యాబ్ దాన్ని పలచన చేసి నడుపుతుంది. వంద రెట్లు పలచన చేస్తే టీసీఈ ఫలితం "500 కంటే తక్కువ" అని వస్తుంది. పైపైన చూసేవాళ్లకి అదీ "లేదు" అన్న లెక్కే. కానీ మీ హద్దు 100. ఆ పాయింట్ గురించి మీకు ఏమీ తెలియనట్టే. కప్లన్-మయర్ కూడా దాన్నుంచి సమాచారం పిండలేదు. ల్యాబ్‌కి ఫోన్ చేసి తక్కువ పలచనతో మళ్లీ నడపమనండి, కుదరకపోతే శాంపిల్ మళ్లీ తీయండి.

6. బొమ్మ గీసి చూడండి

ఏ పరీక్ష నడపకముందు అంకెల్ని చిన్నదాన్నుంచి పెద్దదానికి పేర్చి గీయండి. ఒకసారి మామూలు స్కేలు మీద, ఒకసారి లాగ్ స్కేలు మీద. మన పన్నెండింటి మధ్యగతం 22, సగటు 256. ఊళ్లో పదకొండు కుటుంబాలకి తలా ఎకరం, ఒక్క మోతుబరికి నూరెకరాలు ఉంటే సగటు కమతం తొమ్మిదెకరాలు దాటుతుంది, ఆ ఊళ్లో తొమ్మిదెకరాల రైతు ఒక్కడూ ఉండడు. సాయిల్ గ్యాస్ డేటా దాదాపు ఎప్పుడూ ఇలాగే కుడివైపుకి తోక సాగి ఉంటుంది. మూలానికి దగ్గరగా గాఢత రెట్లలో పెరుగుతుంది కాబట్టి అది సహజం. అందుకే లాగ్ స్కేలు మీద చూస్తేనే ఆకారం తెలుస్తుంది.

లాగ్ స్కేలు మీద పాయింట్లు ఒకే వాలులో పోతూ హఠాత్తుగా ఒకచోట విరిగి పైకెగిరితే ఆగండి. అక్కడ రెండు వేరు గుంపులు కలిసిపోయి ఉండొచ్చు. మన ఉదాహరణలో 110 దాకా నిదానంగా పెరిగి, తర్వాత 380, 2400. ఆ విరుపు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరకే వస్తాం.

7. సగటుకి పైహద్దు కట్టండి

12 పాయింట్ల సగటు 256 వచ్చినంత మాత్రాన నేల అసలు సగటు 256 అని కాదు. వేరే 12 చోట్ల వేసి ఉంటే వేరే అంకె వచ్చేది. అందుకని అసలు సగటు ఇంతకు మించదని 95 శాతం నమ్మకంతో చెప్పగల పైహద్దు కడతాం. దాన్నే 95 శాతం యూసీఎల్ అంటారు. నిర్ణయం సగటు మీద కాదు, ఈ పైహద్దు మీద తీసుకోవాలి. శాంపిళ్లు తక్కువైతే ఇది పెరుగుతుంది. శాంపిళ్లకి డబ్బు మిగుల్చుకున్నవాళ్లు ఆ భారం ఇక్కడ మోస్తారు, అది న్యాయమే.

పద్ధతులు చాలా ఉన్నాయి, జవాబులు చాలా దూరం పోతాయి. నాన్-డిటెక్ట్‌లకి తాత్కాలికంగా 2.5 పెట్టి చేత్తో కట్టి చూద్దాం. ప్రామాణిక విచలనం 683, దాన్ని 12 వర్గమూలంతో భాగిస్తే 197. స్టూడెంట్ టీ పద్ధతిలో 197ని 1.796తో గుణించి కలిపితే యూసీఎల్ 610. టీ పద్ధతి డేటా గంట ఆకారంలో ఉందనుకుంటుంది, మనది కాదు. ఏ ఆకారాన్నీ అనుకోని చెబిషెవ్ పద్ధతిలో 197ని 4.36తో గుణిస్తాం, యూసీఎల్ 1,116. అదే డేటా, దాదాపు రెండింతల తేడా.

"అయితే బూట్‌స్ట్రాప్ చేద్దాం" అంటారు కొత్తవాళ్లు. ఉన్న 12 అంకెల్లోంచే తిరిగి వేస్తూ 12 తీసి సగటు కట్టడం, అలా వేలసార్లు చేసి పైన 5 శాతం ఎక్కడ మొదలవుతుందో చూడటం బూట్‌స్ట్రాప్. మంచి పద్ధతే. కానీ 12 అంకెల్లో 2400 ఒక్కటే ఉన్నప్పుడు, ఒక దఫా తీసిన 12లో అది ఒక్కసారీ రాకపోయే అవకాశం 35 శాతం. మూడోవంతు దఫాల్లో మీ కలుషితమైన చోటు అసలు లేనట్టే లెక్క పడుతుంది. శాంపిళ్లు కొద్దిగా ఉండి తోక పొడుగ్గా ఉన్నప్పుడు బూట్‌స్ట్రాప్ ఊరట నమ్మదగ్గది కాదు. డేటా లాగ్ నార్మల్, అంటే లాగ్ తీస్తే గంట ఆకారంలో ఉంటుంది, అనుకుని కట్టే హెచ్-యూసీఎల్ దీనికి వ్యతిరేకం, ఒక్కోసారి గరిష్ఠ అంకెని కూడా దాటిపోతుంది, వాడొద్దు. కుడివైపు తోక సాగే గామా ఆకారాన్ని కూడా ప్రోయూసీఎల్ పరీక్షిస్తుంది. అది సరిపోతే గామా యూసీఎల్ మధ్యేమార్గంగా ఉంటుంది. ఏది వాడినా కనీసం ఎనిమిది, పది అంకెలు లేకుండా యూసీఎల్ జోలికి పోకండి. నాలుగు పాయింట్లుంటే గరిష్ఠాన్ని హద్దుతో పోల్చి ఊరుకోండి.

8. ఆ పెద్ద అంకె

ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమైన చోటు ఇదే. 2400ని చూడగానే ఎవరో ఒకరు "అది అవుట్‌లయర్ (మిగతావాటితో పొసగని అంకె), తీసేయండి" అంటారు. తీసేస్తే సగటు 256 నుంచి 61కి పడిపోతుంది, అందరి మొహాలూ వికసిస్తాయి. డిక్సన్ పరీక్ష, గ్రబ్స్ పరీక్ష అది మిగతావాటిలో ఇమడదనే చెప్తాయి. కానీ ఆ పరీక్షలు చెప్పేది అంతవరకే, తీసేయమని కాదు. టైపింగ్ తప్పు, యూనిట్ తప్పు, ల్యాబ్ ఒప్పుకున్న తప్పు, ఈ మూడింట్లో ఒకటని కాగితం మీద రుజువుంటే తప్ప ఒక్క అంకె కూడా తొలగించకండి. కాలుష్యం వెతకడానికి వెళ్లాం. దొరికినదాన్ని పారేస్తే ఇంక వెళ్లడం దేనికి?

చేయాల్సింది లేఅవుట్ ముందేసుకోవడం. 380, 2400 పాయింట్లు రెండూ పార్టులు కడిగిన పాత ట్యాంకు పక్కనే ఉన్నాయనుకుందాం. అప్పుడది వేరే గుంపు. దాన్ని మూలం జోన్‌గా విడదీసి, 2400 పాయింట్‌కి నాలుగు దిక్కులా అయిదేసి మీటర్లలో కొత్త పాయింట్లు వేసి అంచు ఎక్కడుందో తేల్చండి. మిగిలిన పదింటికి మళ్లీ లెక్క కడితే సగటు 29, టీ యూసీఎల్ 49, చెబిషెవ్ యూసీఎల్ 77. రెండు పద్ధతుల్లోనూ 100 లోపే. ఇప్పుడు మాట స్పష్టంగా వచ్చింది: ట్యాంకు చుట్టుపక్కల చర్య తప్పదు, మిగతా జోన్ సగటు ఆఫీసుకి హద్దు లోపే ఉంది, ఇళ్లకి పనికిరాదు, ఎందుకంటే ఇళ్ల హద్దు 16. అన్నిటినీ ఒక ముద్ద చేసి 610 అన్నా, పెద్దదాన్ని పీకేసి 61 అన్నా ఈ మూడు ముక్కలూ తెలిసేవి కావు.

విడదీయడానికి కారణం భౌతికంగా ఉండాలి. ట్యాంకు, డ్రెయిన్, మట్టి రకం మారడం లాంటిది. అంకె పెద్దదన్నది ఒక్కటే కారణం కాకూడదు. అలాగే సగటు 100 లోపుందని 110 పాయింట్‌ని మరిచిపోకండి. గదిలో కూర్చునే మనిషి పీల్చేది జోన్ సగటుని కాదు, తన గది కింద ఉన్నదాన్ని. ఆ పాయింట్ మీద భవనం వస్తుంటే అక్కడ విడిగా ఇంకోసారి కొలవాలి.

9. లోతు, కాలం

వీలైన చోట ఒకే పాయింట్‌లో రెండు లోతుల్లో ప్రోబ్‌లు పెట్టండి, 1.5 మీటర్లు, 3 మీటర్లు అనుకోండి. లోతుకి పోయేకొద్దీ పెరిగితే మూలం కింద, బహుశా భూగర్భజలంలో ఉంది. పైన ఎక్కువుంటే నేలమీద ఒలికినది. లోతుల్ని కలిపేసి సగటు కట్టడం తప్పు. జతలుగా ఉంచి, రెండు లోతుల మధ్య తేడా నిజమో యాదృచ్ఛికమో చెప్పే విల్కాక్సన్ జతల పరీక్ష చేయండి.

భూగర్భజలం మూలమైతే ఒక చిన్న లెక్క కళ్లు తెరిపిస్తుంది. అమెరికాలో తాగునీటిలో టీసీఈ పరిమితి లీటరుకి 5 మైక్రోగ్రాములు. 25 డిగ్రీల దగ్గర టీసీఈ నీటిలో ఎంత గాఢతలో ఉంటే, సమతౌల్యంలో గాలిలో సుమారు 0.4 వంతు గాఢత ఉంటుంది. లెక్క కడితే, తాగడానికి ఒప్పుకునే ఆ నీటిపైన గాలిలో ఘనపు మీటరుకి దాదాపు 2,000 మైక్రోగ్రాములు ఉండొచ్చు. నీళ్ల రిపోర్టు బాగుందని గాలి పరీక్ష మానేయకూడదనడానికి ఇంతకంటే చెప్పక్కర్లేదు.

కాలం సంగతి మన వాతావరణంలో ఇంకా ముఖ్యం. భారీ వర్షం తర్వాత మట్టి ఖాళీల్లో నీళ్లు నిండి గాలి కదలదు, ప్రోబ్ లాగదు, వచ్చిన అంకె అర్థం కాదు. నేల ఆరేదాకా కొన్ని రోజులు ఆగండి. పైగా చుట్టూ నేల తడిసి బిగుసుకుంటే, పొడిగా ఉన్న భవనం కిందకే ఆవిరి దారి చూసుకుంటుంది. ఏడాదికి కనీసం రెండు దఫాలు, మే నెలలో ఒకటి, వానలు తగ్గాక ఒకటి తీయండి. మే అంకెని నిరుటి మేతోనే పోల్చండి. తగ్గుతోందా పెరుగుతోందా అన్నదానికి మన్-కెండాల్ పరీక్ష సరిపోతుంది. నాలుగు దఫాలుంటే నాలుగూ వరసగా తగ్గితేనే ఆ పరీక్ష 5 శాతం స్థాయిలో అవునంటుంది, ఎందుకంటే అలా కేవలం యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 24లో ఒకటి. మూడు దఫాల గీత గీసి "తగ్గుముఖం" అని రాయకండి.

10. మ్యాపు

రంగురంగుల కాంటూర్ మ్యాపు అందరికీ నచ్చుతుంది. 12 పాయింట్లతో క్రిగింగ్ (కొలిచిన పాయింట్ల నుంచి మధ్య చోట్ల విలువలు అంచనా వేసే పద్ధతి) చేసి గీసిన మ్యాపులో పాయింట్లు లేని చోట్ల రంగు నింపింది సాఫ్ట్‌వేర్, నేల కాదు. క్రిగింగ్‌కి ముందు వేరియోగ్రామ్, అంటే దూరం పెరిగేకొద్దీ అంకెల తేడా ఎలా పెరుగుతుందో చూపే గీత, కట్టాలి, దానికి పదుల కొద్దీ పాయింట్లు కావాలి. మధ్యలో కాంక్రీటు పునాది, డ్రెయిన్ ఉంటే గాఢత నున్నగా మారదు, హఠాత్తుగా మారుతుంది. పాయింట్లు కొద్దిగా ఉన్నప్పుడు గాఢతని బట్టి చిన్నా పెద్దా వృత్తాలు గీసి పక్కన అంకె రాసిన మ్యాపే మేలు. నాన్-డిటెక్ట్‌లకి ఖాళీ వృత్తం పెట్టండి.

11. రిపోర్టు

ముందుమాటలో మీ మొదటి ప్రశ్న, దానికి జవాబు, ఏ హద్దు, ఏ పద్ధతి. తర్వాత జోన్ వారీగా పాయింట్లెన్ని, ఎన్నింట్లో కనిపించింది, కనిష్ఠం, మధ్యగతం, సగటు, యూసీఎల్, గరిష్ఠం. గరిష్ఠం లేని పట్టిక ఇవ్వకండి. అనుబంధంలో ప్రతి పాయింట్ అంకె, దాని డిటెక్షన్ లిమిట్ (ల్యాబ్ యంత్రం నమ్మకంగా చూడగల కనిష్ఠ అంకె), తేదీ, లోతు, గేజ్ రీడింగులు, హీలియం ఫలితం పెట్టండి. ఇంకొకరు అవే అంకెలతో మీ లెక్క మళ్లీ కట్టుకోగలగాలి. పక్కన కాలనీ ఉంటే తెలుగులో రెండు పేజీల సారాంశం విడిగా రాయండి. వాళ్ల ఇల్లు మ్యాపులో ఎక్కడుందో, దగ్గరి పాయింట్‌లో ఎంత వచ్చిందో, తర్వాతి శాంపిల్ ఎప్పుడో అందులో ఉండాలి.

ఇప్పటికే మనుషులున్న భవనమైతే ఈ క్రమమంతా అయ్యేదాకా ఆగకూడదు. గర్భం తొలి వారాల్లో కొద్దికాలం టీసీఈ పీల్చినా శిశువు గుండెకి హాని జరగొచ్చన్న ఆందోళనతో, కాలిఫోర్నియా ప్రాంతాన్ని చూసే ఈపీఏ కార్యాలయం 2014లో వెంటనే స్పందించాల్సిన స్థాయిలు పెట్టింది. ఇళ్ల గాలిలో 2 మైక్రోగ్రాములు, ఎనిమిది గంటల పనిచోట 8. గదిలో ఆ అంకె దాటినట్టు ల్యాబ్ నుంచి ఫోన్ వస్తే యూసీఎల్ కట్టడం పక్కన పెట్టి, ఆ రోజే భవనం చూసేవాళ్లకి చెప్పండి. స్లాబు పగుళ్లు మూయించండి, గాలి వచ్చిపోయేలా చేయించండి, అవసరమైతే ఆ గది ఖాళీ చేయించండి. మళ్లీ కొలిచిన అంకె చేతికొచ్చాక లెక్కల దగ్గరికి రావచ్చు.